శ్వాస మీద ధ్యాసా, బాడీ స్కానా?

1979లో జాన్ కబాట్-జిన్ అమెరికాలోని మసాచుసెట్స్‌లో మొదలుపెట్టిన 8 వారాల మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణంలో జరుగుతున్నదాన్ని ఉన్నదున్నట్టు గమనించడం) శిక్షణలో ఈ రెండూ ఉంటాయి. బాడీ స్కాన్ అంటే ఆసుపత్రిలో తీసే స్కాన్ కాదు, ఒంట్లో ఒక్కో భాగాన్నీ మనసుతో గమనిస్తూ వెళ్లడం. నొప్పులు, జబ్బులు ఉన్నవాళ్లు మందులు మానకుండానే వీటిని చేయాలి.

శ్వాసను గమనించడం తేలిక. డాక్టరు పిలిచేదాకా కూర్చున్న 5 నిమిషాల్లోనూ చేయొచ్చు. కానీ ఆస్తమా ఉన్నవాళ్లలో కొందరికి ఊపిరి మీదే దృష్టి పెడితే టెన్షన్ పెరుగుతుంది. వాళ్లు పాదాలు నేలకు ఆనిన చోటును గమనిస్తే మేలు.

బాడీ స్కాన్‌కు దాదాపు 45 నిమిషాలు పడుతుంది. పడుకుని, కాలి వేళ్ల నుంచి తల దాకా ఒక్కో భాగాన్నీ పలకరించినట్టు వెళ్లాలి. నొప్పిగా ఉన్న మోకాలి దగ్గరికి రాగానే మనసు పారిపోతుంది. అసలు సాధన అక్కడే. సలుపు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో నిదానంగా చూస్తే, "ఒళ్లంతా నొప్పే" అన్న బెంగ కాస్త సడలుతుంది. నొప్పి పోకపోయినా దానితో పెనుగులాట తగ్గొచ్చు. కీళ్లనొప్పులవాళ్లకు నా ఓటు దీనికే. నొప్పి మరీ ఎక్కువైన రోజున మాత్రం శ్వాసతో సరిపెట్టుకోండి, తప్పేం లేదు.