ఫిజీ చిత్రాల కోసం సువా: ఏది ముందు చూడాలి, ఎలా కొనాలి

ఫిజీ వెళ్లినవాళ్లు చాలామంది నాందీలో దిగి రిసార్టుల్లోనే ఉండిపోతారు. చిత్రాల కోసమైతే క్వీన్స్ రోడ్డు మీద నాలుగైదు గంటల బస్సు ప్రయాణం చేసి రాజధాని సువా చేరాల్సిందే. అక్కడ రెండు పూర్తి రోజులు కావాలి.

ముందు థర్‌స్టన్ గార్డెన్స్‌లోని ఫిజీ మ్యూజియం, ఆ తర్వాతే ఓషియానియా సెంటర్ గ్యాలరీ. ఈ వరస తప్పితే బొమ్మల్లో సగం అర్థం కావు. 1913లో కట్టిన రాతు ఫినౌ అనే ద్రువా (జంట పడవ) ఇక్కడుంది, పొడవు 13 మీటర్ల పైమాటే. దాన్ని, మసిని తీరిగ్గా చూడాలి. మసి అంటే పేపర్ మల్బరీ లోపలి బెరడును నానబెట్టి, కొయ్య సుత్తితో కొట్టి పలచన చేసిన బట్ట. పేరుకూ మన మాటకూ చుట్టరికం లేదు గానీ, దాని నల్లరంగు నిజంగా మసే: కాండిల్‌నట్ గింజలు కాల్చి పట్టింది. ఎర్రరంగేమో మట్టి నుంచి వస్తుంది. స్టెన్సిల్ ఒకప్పుడు ఆకులో కోసేవారు, ఇప్పుడు పాత ఎక్స్‌రే ఫిల్ములో కోస్తున్నారు. త్రికోణాల అంచులు అంత నిక్కచ్చిగా రావడానికి అదే కారణం.

ఆ త్రికోణాలే సౌత్ పసిఫిక్ విశ్వవిద్యాలయం వారి లౌదల క్యాంపస్‌లో కాన్వాసు మీద ఎదురవుతాయి. అక్కడ రచయిత ఎపెలి హౌఒఫా 1997లో ఓషియానియా సెంటర్ అనే కళాకేంద్రం స్థాపించారు. చిత్రకారులు పక్కపక్కన పనిచేస్తూ నేర్చుకోవాలన్నది ఆయన పద్ధతి. ‘రెడ్ వేవ్’ చిత్రకారులు అక్కడి నుంచే వచ్చారు. వాళ్లు మసి నమూనాను నకలు చేయరు, విడగొట్టి అలలోనో మనిషి దేహంలోనో కలిపేస్తారు. ఇంత దూరం రావడానికి ఇదొక్కటి చాలు. ప్రదర్శన లేని వారాల్లో చూడటానికి పెద్దగా ఏమీ ఉండకపోవచ్చు, ముందే మెయిల్ పెట్టి అడగండి.

కొంటే చిత్రకారుడి సంతకం, రసీదు తప్పనిసరి. అక్రిలిక్ గంటల్లో ఆరినట్టే కనిపిస్తుంది, లోపల గట్టిపడటానికి వారాలు పడుతుంది. సువా తేమలో ఇంకా ఆలస్యం. చెక్క చట్రం విప్పించి, రంగున్న వైపు బయటికి వచ్చేలా, కనీసం 10 సెంటీమీటర్ల వెడల్పున్న గొట్టానికి చుట్టాలి. రంగు లోపలికి పెడితే నలిగి పెచ్చులూడుతుంది. బబుల్ ర్యాప్ నేరుగా తగిలితే బుడగల అచ్చు పడుతుంది, మధ్యలో బేకింగ్ పేపర్ వేయండి. మసిని మడవొద్దు, ముడత పోదు. తాబేటి చిప్ప, తిమింగలం పన్ను అంటించినవి అనుమతి లేకుండా దేశం దాటవు, వాటి జోలికి పోకండి.

బస విక్టోరియా పరేడ్ దగ్గర మేలు: మ్యూజియం నడక దూరం, క్యాంపస్‌కు మీటరు టాక్సీ. 1914 నాటి గ్రాండ్ పసిఫిక్ హోటల్ అందమైనదే, గది మాత్రం ఖరీదు. భోజనానికి ఇబ్బంది లేదు. గిర్మిట్ (కూలీ) ఒప్పందం మీద 1903 నుంచి మద్రాసు ఓడల్లో వచ్చినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు, రొట్టె కూర ఎక్కడైనా దొరుకుతాయి. వాన ఎప్పుడైనా పడుతుంది, గొట్టానికి ప్లాస్టిక్ తొడుగు బయటివైపు ఉండాలి. ఆదివారం ఊరు దాదాపు మూతపడుతుంది కాబట్టి శనివారం రాత్రి చేరేలా టికెట్ కొనకండి.