గేమింగ్ పీసీ పక్కన పీఎస్5: రెండేళ్ల వాడకం తర్వాత

నా పీసీ మరీ కొత్తదేం కాదు, అలాగని మూలన పడేసేదీ కాదు. రైజెన్ 5 5600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3060 టీఐ గ్రాఫిక్స్ కార్డు, 1440పీ మానిటర్. సికింద్రాబాద్‌లో సీటీసీ అనే కంప్యూటర్ మార్కెట్లో షాపు షాపూ తిరిగి, ఒక్కో పార్టుకీ బేరమాడి బిగించుకున్నది. ఇలాంటి పీసీ ఉండగా ఇంకో 55 వేలు పోసి పీఎస్5 (సోనీ ప్లేస్టేషన్ 5, టీవీకి తగిలించి ఆడుకునే కన్సోల్) ఎందుకురా అని ఆఫీసులో అందరూ అడిగారు. ఆ డబ్బుకి మంచి గ్రాఫిక్స్ కార్డు వచ్చేదిగా అన్నారు. వచ్చేది. కాకపోతే ఆ కార్డు కూడా నన్ను అదే గదిలో, అదే కుర్చీలో, అదే మానిటర్ ముందు కూర్చోబెట్టేది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆఫీసు పని చేసేదీ ఆ కుర్చీలోనే.

పీఎస్5 స్లిమ్ 2024 ఏప్రిల్‌లో మన దేశంలో అమ్మకానికి వచ్చింది. అప్పటి ధర డిస్క్ డ్రైవ్ ఉన్నదైతే 54,990, లేనిదైతే 44,990. నేను డ్రైవ్ ఉన్నది తీసుకున్నాను. దాదాపు రెండేళ్లుగా పీసీ, ఇదీ రెండూ పక్కపక్కనే వాడుతున్నాను కాబట్టి పీసీ ఉన్నవాళ్లకి అక్కరకొచ్చే సంగతులే రాస్తాను. బాక్సులో ఏమేం వస్తాయి, బరువెంత అన్నవి ఎక్కడైనా దొరుకుతాయి.

ముందుగా మైక్రోసాఫ్ట్ కన్సోల్ ఎక్స్‌బాక్స్ ఎందుకు వద్దనుకున్నానో రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మైక్రోసాఫ్ట్ సొంత ఆటలన్నీ కన్సోల్లో వచ్చిన రోజే పీసీలోనూ వస్తాయి. చందా కట్టి ఆటలు ఆడుకునే వాళ్ల గేమ్ పాస్ పీసీకీ ఉంది. కొన్ని ఆటలైతే ఒకసారి కొంటే రెండింటిలోనూ ఆడుకోవచ్చు, సేవ్ (ఆట ఎక్కడిదాకా వచ్చిందో ఆ లెక్క) కూడా అదే. అంటే మంచి పీసీ ఉన్నవాడింట్లో ఎక్స్‌బాక్స్ ముప్పావు వంతు ముందే ఉన్నట్టు. పైగా నేను కొన్న తర్వాత మైక్రోసాఫ్ట్ వాళ్ల రేసింగ్ ఆట ఫోర్జా హొరైజన్ 5 కూడా 2025 ఏప్రిల్‌లో పీఎస్5కి వచ్చేసింది. ఇక ఆ చర్చే లేదు.

నింటెండో సంగతి వేరు. నిజం చెప్పాలంటే, పీసీకి అసలైన జోడీ అదే. మారియో, జెల్డా ఆటల్ని నింటెండో పీసీలో విడుదల చేయదు, ఎన్నాళ్లు ఆగినా ఫలితం ఉండదు. డాలస్‌లో ఉండే మా తమ్ముడికి కూడా గేమింగ్ పీసీ ఉంది. వాడు 2025 జూన్‌లో నింటెండో కన్సోల్ స్విచ్ 2 (చేతిలో పట్టుకుని కూడా ఆడొచ్చు) రాగానే 450 డాలర్లకి తెచ్చుకున్నాడు, మారు మాట్లాడకుండా. అక్కడైతే నేనూ అదే చేసేవాణ్ణి. ఇక్కడ ఆ కంపెనీ అధికారికంగా అమ్మట్లేదు. ఎవరో దిగుమతి చేసింది కొనాలి, వారంటీ ఆ షాపువాడి నోటి మాటే. ఆట ఉండే కార్ట్రిడ్జి ధర ఆ వారం వాడు ఎంత చెబితే అంత. అమెరికా నుంచి ఎవరైనా వచ్చేటప్పుడు తెప్పించుకునే వీలుండి, ప్రయాణాలు ఎక్కువ చేసేవాళ్లయితే స్విచ్ చూడండి. హాల్లో టీవీ కిందే పెట్టుకుని ఇంటిల్లిపాదీ వాడుకోవాలి అనుకున్న నాకు పీఎస్5 మిగిలింది.

"పీసీనే టీవీకి కలుపుకోవచ్చుగా?" అని అడుగుతారు. కలిపి చూశాకే చెబుతున్నాను. ఆండ్రాయిడ్ టీవీలో, పీసీ ఆటని టీవీ మీద చూపించే స్టీమ్ లింక్ యాప్ వేసి చాలా కాలం నడిపాను. నెమ్మదైన ఆటలకి పరవాలేదు. పరుగెత్తే ఆటల్లో మాత్రం బటన్ నొక్కడానికీ తెర మీద దూకడానికీ మధ్య చిన్న వెనకబాటు తెలుస్తూనే ఉంటుంది. దానికన్నా విసిగించేది మిగతా తతంగం: లోపలి గదిలోకి వెళ్లి పీసీ ఆన్ చెయ్యాలి, పిన్ కొట్టాలి, ఆటని తెరిచే లాంచర్ ప్రోగ్రామ్ ఏదో అప్‌డేట్ అడుగుతుంది, దాన్ని దాటించడానికి మౌస్ కావాలి. ఈలోగా హాల్లో కూర్చున్నవాళ్లు ఫోన్లలోకి వెళ్లిపోతారు. పీఎస్5లో అయితే కంట్రోలర్ మధ్యలో ఉన్న బటన్ నొక్కితే కన్సోల్ లేస్తుంది, హెచ్‌డీఎంఐ ద్వారా టీవీని కూడా లేపుతుంది, నిన్న ఆపిన చోటే ఆట మొదలవుతుంది. రిమోట్ ఏ దిండు కింద ఉందో వెతకక్కర్లేదు. మా ఆవిడ పీసీని ఆటల కోసం ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. ఇది మాత్రం నేను లేనప్పుడు కూడా తనే ఆన్ చేసుకుంటుంది. మేమిద్దరం ఇట్ టేక్స్ టూ అనే జంట ఆట మొత్తం పూర్తి చేశాం. ఆ ఆట పీసీలోనూ ఉంది. ఉంటే ఏం లాభం, ఇద్దరం ఆ మానిటర్ ముందు కుర్చీలు వేసుకుని కూర్చునేవాళ్లం కాదు.

హాలుకి ఇంకో లెక్క ఉంది. రాత్రి ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా టీవీ అమ్మది. "సీరియల్ అయ్యాక ఆడుకో నాన్నా" అంటుంది, దానికి తిరుగులేదు. ఆ సమయంలోనే పీసీ కన్సోల్‌కి సాయపడుతుంది. పీఎస్ రిమోట్ ప్లే అనే యాప్ ఉచితం. దాన్ని పీసీలో వేసుకుని, కంట్రోలర్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపితే హాల్లో ఉన్న కన్సోల్‌లోని ఆట లోపలి గదిలో మానిటర్ మీద ఆడుకోవచ్చు. బొమ్మ 1080పీలో వస్తుంది. వైఫై మీద వదిలేయకుండా కన్సోల్‌కి రౌటర్ నుంచి కేబుల్ లాగితేనే బాగుంటుంది. రేసులకి పనికిరాదు గానీ కథ నడిచే ఆటలకి హాయిగా సరిపోతుంది.

డిస్కుల గురించి కాస్త వివరంగానే చెప్పాలి, ఎందుకంటే పీసీ ఆటగాళ్లకి ఇదే పూర్తిగా మర్చిపోయిన సుఖం. పీసీ ఆటలు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో ఒకసారి కొన్నామంటే అది మన ఖాతాలోనే పడి ఉంటుంది, అమ్ముకునే దారి లేదు. పీఎస్5లో పెద్ద ఆట కొత్త డిస్కు 4,999 దాకా ఉంటుంది. చూడగానే గుండె గుభేలుమంటుంది. కానీ విడుదలైన కొన్ని నెలలకి అదే డిస్కు సెకండ్ హ్యాండ్‌లో రెండు మూడు వేల మధ్య దొరుకుతుంది. ఆడేశాక మళ్లీ ఆ ధరకే, మహా అయితే నాలుగైదు వందలు తక్కువకి అమ్ముడుపోతుంది. మా అపార్ట్‌మెంట్లో పీఎస్5 ఉన్న ముగ్గురం ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. ఒకరు కొన్నది మిగతా ఇద్దరూ ఆడాకే బయటకి అమ్ముతారు. గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్ డిస్కు మా మూడు ఫ్లోర్లూ తిరిగి కూకట్‌పల్లిలో ఎవరికో చేరింది.

అందుకని కొనే ముందు నేను చూసుకునేది ఒక్కటే: ఈ ఆట అయిపోయాక మళ్లీ ముట్టుకుంటానా? ఒకసారి కథ చూసి పక్కన పెట్టేసేదైతే డిస్కు. ఏళ్ల తరబడి తిరిగి తిరిగి ఆడేది, మాడ్స్ (అభిమానులు చేసిన మార్పులు) వేసుకునేది, మౌస్‌తో గురి పెట్టేది, సివిలైజేషన్ లాంటి ఎత్తులు వేసే ఆట అయితే స్టీమ్. స్టీమ్ సేల్‌లో చిన్న ఆటలు దొరికే ధరకి కన్సోల్ స్టోర్ ఎప్పుడూ దిగదు, ఆ ఆశ పెట్టుకోవద్దు.

డ్రైవ్ లేని మోడల్ కొని మిగిలిన పదివేలతో ఆటలు కొనుక్కుందాం అనుకునేవాళ్లకి ఒక మాట. డిజిటల్‌గానే కొనేటట్టయితే మీ దగ్గర పీసీ ఎలాగూ ఉంది. స్లిమ్‌కి డ్రైవ్ తర్వాత విడిగా కొని తగిలించుకోవచ్చు. మొదటిసారి తగిలించినప్పుడు ఇంటర్నెట్ ఉండాలి. ఇంకో సంగతి, డిస్కు పెట్టినా ఆట మొత్తం లోపలి స్టోరేజ్ అయిన ఎస్‌ఎస్‌డీలోకి ఎక్కుతుంది. ఆడేటప్పుడు డిస్కు లోపల ఉండటం కేవలం ఇది నీదే అని రుజువు కోసమే.

సోనీ ఆటలు పీసీకి రావట్లేదా అంటే, వస్తున్నాయి. హొరైజన్ జీరో డాన్ 2020లో, గాడ్ ఆఫ్ వార్ 2022లో, ఘోస్ట్ ఆఫ్ సుషిమా 2024 మేలో, రాగ్నరాక్ అదే ఏడు సెప్టెంబర్‌లో వచ్చాయి. ఏడాది, రెండేళ్లు, కొన్నిటికి ఇంకా ఎక్కువ ఆగాలి. ఆగగలిగితే పీసీలో సెకనుకి ఫ్రేములు ఎక్కువ, అంటే కదలిక నున్నగా ఉంటుంది, అల్ట్రావైడ్ (బాగా వెడల్పాటి) తెర ఉంటే అదీ నిండుతుంది. కాబట్టి కేవలం ఈ ఆటల కోసమే పీఎస్5 కొనమని నేను చెప్పను. పీసీకి రాకుండా ఉండిపోయినవి మాత్రం గట్టివే: గ్రాన్ టూరిస్మో 7, ఆస్ట్రో బాట్, డీమన్స్ సోల్స్ రీమేక్. పాత బ్లడ్‌బోర్న్ కూడా, 2015 నుంచి సెకనుకి 30 ఫ్రేముల దగ్గరే ఆగిపోయి.

గ్రాన్ టూరిస్మో 7 పీసీ మీద ఎన్ని రేసింగ్ ఆటలు ఆడినవాళ్లకైనా కొత్తగా ఉంటుంది, అది కంట్రోలర్ మహిమ. బ్రేక్ ఎడమ ట్రిగ్గర్. నొక్కేకొద్దీ అది వేలికి ఎదురు తోస్తుంది. చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పనిచేయడం మొదలవగానే వేలి కింద టకటకా కొట్టుకుంటుంది, అప్పుడు కాస్త వదలాలి. ట్రాక్ అంచున ఉండే ఎరుపు తెలుపు గట్టు మీదికి ఎడమ చక్రాలు ఎక్కితే ఎడమ అరచేయి గరగరమంటుంది, కుడివి ఎక్కితే కుడి. వాన పడుతున్నప్పుడు ఆ గరగర మెత్తబడుతుంది. కొన్ని రేసులయ్యాక తెర మీద సూచనలు చూడటం మానేసి చేతులతోనే నడుపుతున్నానని గమనించాను. పీఎస్5లో ఒకే టీవీ మీద నలుగురు కలిసి పోటీ పడొచ్చు, పండక్కి పిల్లలు వచ్చినప్పుడు ఇదే నడుస్తుంది. ఒక చిక్కు, ఈ ఆటలో చాలా భాగానికి ఇంటర్నెట్ తప్పనిసరి. నెట్ పోతే ఆడుకోవడానికి పెద్దగా ఏమీ మిగలదు.

పిల్లల చేతికి మొదట ఇవ్వాల్సింది కన్సోల్లోనే ఉచితంగా ఉండే ఆస్ట్రోస్ ప్లేరూమ్. మా వాడు దానితోనే స్టిక్కులు తిప్పడం నేర్చుకుని నేరుగా ఆస్ట్రో బాట్‌లోకి వెళ్లాడు.

ఇదే కంట్రోలర్ పీసీకీ పనికొస్తుంది. స్టీమ్ దీన్ని గుర్తుపడుతుంది. ట్రిగ్గర్ బిగుతు, సన్నటి వణుకు కావాలంటే ఆ ఆట వాటిని సపోర్ట్ చెయ్యాలి, చాలా ఆటల్లో కేబుల్ కూడా పెట్టాలి. బ్లూటూత్ మీద మామూలు కంట్రోలరే. ఇంతకుముందు పీసీకి ఒకసారి, కన్సోల్‌కి ఒకసారి జత చేసుకోవడం పెద్ద నస. 2025లో వచ్చిన అప్‌డేట్‌తో నాలుగు పరికరాల దాకా గుర్తుపెట్టుకుంటోంది. బ్యాటరీ 1,560 ఎంఏహెచ్‌ది, పెద్దదేం కాదు, రాత్రి చార్జింగ్ పెట్టడం అలవాటు చేసుకోవాలి.

పీసీ నుంచి వచ్చినవాళ్లకి ఒళ్లు మండించేది ఆన్‌లైన్ చందా. డబ్బిచ్చి కొన్న ఆటని నెట్‌లో నలుగురితో ఆడటానికి మళ్లీ పీఎస్ ప్లస్ కట్టాలి. అందులో అన్నిటికన్నా చిన్నదైన ఎసెన్షియల్ ప్లాన్ ఏడాది ధర 2023 సెప్టెంబర్‌లో 2,999 నుంచి 3,949కి పెరిగింది. సేవ్‌లు క్లౌడ్‌లో దాచుకోవడానికీ ఈ చందాయే. ఫోర్ట్‌నైట్ లాంటి ఉచిత ఆటలకి అక్కర్లేదు. నేను కట్టట్లేదు, ఆన్‌లైన్ ఆటలన్నీ పీసీలోనే ఆడతాను. పీసీ ఉన్నవాడికి ఇదొక పెద్ద ఆదా, కన్సోల్ ఒక్కటే ఉన్నవాడికి ఈ దారి లేదు. సైబర్‌పంక్ 2077, బాల్డర్స్ గేట్ 3 లాంటి కొన్నిట్లో సేవ్ పీసీకీ కన్సోల్‌కీ మధ్య మారుతుంది, కాకపోతే ఆటని రెండు చోట్లా కొనాలి.

స్టోరేజ్ 1 టీబీ. పెద్ద ఆటలు ఒక్కోటి వంద జీబీ తింటున్న రోజుల్లో అది తొందరగానే నిండుతుంది. యూఎస్‌బీ హార్డ్ డిస్క్ మీద పీఎస్5 ఆటలు నడవవు, దాచుకోవడానికి మాత్రమే. పైన పలక తీసి జెన్4 ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ ఒకటి బిగించుకోవచ్చు. వేడిని లాగేసే లోహపు హీట్‌సింక్ తప్పనిసరి, సెకనుకి 5,500 ఎంబీ వేగం ఉన్నది చూసుకోమని సోనీ చెబుతుంది. పీసీ సొంతంగా బిగించుకున్నవాళ్లకి అది పది నిమిషాల పని. ఆ పలక తీసినప్పుడే ఫ్యాన్ చుట్టూ పేరుకున్న దుమ్మూ దులపండి, మన ఊళ్లో అది నాకు పీసీ కన్నా దీనికే ఎక్కువ పట్టింది, నేలకి దగ్గరగా ఉంటుంది కదా.

కరెంటు విషయం కూడా చెప్పాలి. ఆట నడుస్తున్నప్పుడు ఇది దాదాపు 200 వాట్లు లాగుతుంది. నా పీసీ, మానిటర్ కలిపి లాగేదానికన్నా బాగా తక్కువ, ఇంటి ఇన్వర్టర్ మోస్తుంది. కానీ చాలా ఇన్వర్టర్లకి వెనక ఎకో, యూపీఎస్ అని చిన్న స్విచ్ ఉంటుంది. ఎకోలో ఉంటే కరెంటు పోయి బ్యాటరీ అందుకునేలోపు కన్సోల్ ఆగిపోవచ్చు, తర్వాత ఆన్ చేసినప్పుడు సరిగా ఆపలేదని చెప్పి స్టోరేజ్ పరీక్షించుకుంటుంది. యూపీఎస్ వైపు పెట్టాక మాకు ఆ టెన్షన్ లేదు. ఎండాకాలంలో కోతలున్న ఊళ్లవాళ్లు రెస్ట్ మోడ్‌లో (సగం నిద్రలో) వదిలేయకుండా పూర్తిగా ఆపేయడమే నయం.

ఇక ఈ ఏడాది అందరూ అడుగుతున్నది జీటీఏ 6 (గ్రాండ్ థెఫ్ట్ ఆటో 6). ప్రకటించిన తేదీ 2026 నవంబర్ 19, పీఎస్5కీ ఎక్స్‌బాక్స్ సిరీస్‌కీ మాత్రమే. పీసీ తేదీ చెప్పలేదు. జీటీఏ 5 కన్సోల్లో 2013 సెప్టెంబర్‌లో వస్తే పీసీకి 2015 ఏప్రిల్ అయింది, అదే కంపెనీ ఆట రెడ్ డెడ్ రిడెంప్షన్ 2కి ఏడాది పైన పట్టింది. ఆ ఒక్క ఆట కోసమే కొందామనుకునేవాళ్లు ఇప్పుడే పరిగెత్తకండి. ఆట వచ్చే ముందు కన్సోల్, ఆట రెండూ కలిపి బండిల్ ఏమైనా ఇస్తారేమో, దీపావళి ఆఫర్లు ఎలా ఉన్నాయో చూసుకుని, డ్రైవ్ ఉన్న మోడల్ తీసుకోండి. ఏ షాపులో కొన్నా జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోండి. తర్వాత అమ్మేటప్పుడు కొనేవాడు మొదట అడిగేది అదే.