కారు రివర్స్: మెడ తిప్పి చూడాలా, అద్దాలు చాలా, కెమెరాని నమ్మాలా?

ముందుకు నడపడం కొన్నాళ్లకి చేతికొస్తుంది. రివర్స్ అనేసరికి మాత్రం కొత్తవాళ్లకి చేతులు చల్లబడతాయి. దానికి తోడు సలహాలు తలా ఒకటి. పాత డ్రైవరు "మెడ తిప్పి చూడు" అంటాడు. లారీ నడిపినవాడు "అద్దాల్లో చూస్తే చాలు" అంటాడు. కొత్త కారు కొన్నవాడు "స్క్రీన్ ఉందిగా" అంటాడు. ఎవరి మాటా అబద్ధం కాదు. కాకపోతే ముగ్గురూ చూస్తున్న చోటు ఒకటి కాదు. మెడ తిప్పితే దూరం కనపడుతుంది, అద్దాల్లో పక్కలు కనపడతాయి, కెమెరాలో బంపర్ కింద నేల కనపడుతుంది. ఏది మేలన్నది ఇక్కడి నుంచి తేల్చుకోవాలి.

ఏ పద్ధతిలో చూసినా కాళ్లు అదుపులో లేకపోతే లాభం లేదు, కాబట్టి ముందు ఆ సంగతి. రివర్స్‌లో వేగం మనిషి నడకని మించకూడదు. గంటకి 3 నుంచి 5 కిలోమీటర్లు చాలు. రివర్స్ గేరు లాగుడు దాదాపు ఫస్ట్ గేరు లాగుడంత ఉంటుంది. చదును నేల మీద క్లచ్ పట్టుకునే చోటికి నెమ్మదిగా వదిలితే చాలు, యాక్సిలరేటర్ ముట్టుకోకుండానే బండి పాకుతుంది. ఆటోమేటిక్ అయితే బ్రేకు కొద్దిగా వదలడమే. కుడికాలు బ్రేకు మీదే ఉండాలి. ఒళ్లు వెనక్కి తిప్పినప్పుడు కాలు కూడా తెలియకుండా పక్కకి జరుగుతుంది. కంగారులో బ్రేకనుకుని యాక్సిలరేటర్ తొక్కేది అప్పుడే. మెడ తిప్పాక కాలు ఎక్కడుందో ఒకసారి తడిమి చూసుకుని కదలండి.

గేరు వేసేముందు బండి పూర్తిగా ఆగాలి. చాలా మాన్యువల్ కార్లలో రివర్స్ గేరుకి సింక్రో (గేరు పళ్లని ఒకే వేగానికి తెచ్చి కలిపే ఏర్పాటు) ఉండదు, బండి కదులుతుండగా వేస్తే గర్రుమంటుంది. ఆగి ఉన్నా గేరు పడకపోతే బలం చూపించొద్దు. న్యూట్రల్‌కి తెచ్చి, క్లచ్ పూర్తిగా వదిలి, మళ్లీ తొక్కి వేయండి, పళ్లు సర్దుకుని పడుతుంది. వెనక్కి వెళ్లేటప్పుడు వచ్చే సన్నటి ఊళ రోగమేమీ కాదు, ఆ గేరు పళ్లు నిటారుగా కోసి ఉండటం వల్ల వచ్చే చప్పుడు.

ఇక స్టీరింగ్. "రివర్స్‌లో అంతా ఉల్టా" అని ఎవరైనా చెబితే ఆ మాట అక్కడే వదిలేయండి. స్టీరింగ్ కుడికి తిప్పితే డిక్కీ కుడికే పోతుంది. ఉల్టాగా పోయేది ముక్కు. అది ఎడమకి ఈడుస్తుంది. ఇంకొకటి: ముందుకి వెళ్లేటప్పుడు వదిలేస్తే స్టీరింగ్ దానంతట అది సగానికి పైగా నిటారుకి వచ్చేస్తుంది. రివర్స్‌లో ఆ సాయం ఉండదు, చక్రాలు ఇంకా తిరగాలనే చూస్తాయి. అందుకే ఎంత తిప్పారో అంతా మీ చేత్తోనే వెనక్కి తిప్పాలి. కొత్తవాళ్ల బండి పాములా మెలికలు పోవడానికి అసలు కారణం ఇదే: తిప్పడం ఆలస్యం, తిరిగి విప్పడం ఇంకా ఆలస్యం.

మెడ తిప్పి చూడటం

పక్క సీటు వైపు నడుము నుంచి తిరగాలి, ఒక్క మెడే తిప్పితే వెనక అద్దంలోంచి (డిక్కీ పైనున్న గాజు) సగమే కనపడుతుంది. ఒక చెయ్యి పక్క సీటు వీపు మీద వేసి, రెండోది స్టీరింగ్ పైభాగాన, గడియారంలో 12 ఉండే చోట పెట్టండి. అక్కడ పెడితే లెక్క తేలిక: చెయ్యి ఎటు జరిగితే డిక్కీ అటు. దూరం అంచనా వేయడంలో దీన్ని మించింది లేదు. రెండు కళ్లతో నేరుగా చూస్తున్నారు, మధ్యలో ఏ గాజూ వస్తువుల్ని చిన్నవి చేయడం లేదు. పది మీటర్ల అవతల నుంచి వచ్చే స్కూటర్ కూడా చూపులో పడుతుంది. నిటారుగా పోయే రివర్స్‌కి ఇదే రాజు.

కనపడనిది ఏమిటో లెక్కగట్టి చూద్దాం. మీ కన్ను నేల నుంచి 1.2 మీటర్ల ఎత్తులో ఉందనుకోండి. వెనక అద్దం కింది అంచు మీకు 2 మీటర్ల వెనక, ఒక మీటరు ఎత్తులో ఉంది. చూపు 2 మీటర్లకి 20 సెంటీమీటర్లు దిగుతోంది. అదే వాలున నేలని తాకాలంటే 12 మీటర్లు పోవాలి. డిక్కీ చివర మీ కన్నుకి 3 మీటర్ల వెనక ఉంటే, బంపర్ తర్వాత 9 మీటర్ల దాకా నేల మీకు కనపడదు. 80 సెంటీమీటర్ల ఎత్తున్న పసివాడు బంపర్‌కి మీటరు లోపు ఉంటే కనపడడు. వెనక అద్దం ఎత్తుగా ఉండే పెద్ద బండ్లలో ఈ గుడ్డి చోటు ఇంకా పెద్దది. మెడ ఎంత తిప్పినా ఈ లెక్క మారదు. ఎక్కేముందు బండి చుట్టూ ఒక చుట్టు నడిచి రమ్మనేది దీనికే.

అద్దాలు

పక్క అద్దాలు బండికి రెండు వైపులా ఎంత ఖాళీ ఉందో చూపిస్తాయి, ఆ పని వాటంత బాగా ఏదీ చేయదు. గీతల మధ్య నిలపాలన్నా, గోడ పక్కన ఆపాలన్నా అద్దాలే దిక్కు. మామూలు డ్రైవింగ్‌కి పెట్టుకున్న అద్దం రివర్స్‌కి పైకెక్కువ చూస్తుంది. కొంచెం కిందికి వంచి, వెనక చక్రం, దాని పక్క నేల కనపడేలా పెట్టుకోండి, పని అయ్యాక మళ్లీ పైకెత్తండి. అద్దంలో మీ బండి ఒళ్లు సన్నటి పట్టీలా, పావు వంతు లోపే కనపడితే చాలు.

రెండు పక్కలా ఖాళీ సమానంగా ఉందో లేదో చూసుకుంటూ వెనక్కి రావాలి. ఎటువైపు ఖాళీ ఎక్కువుందో స్టీరింగ్ అటే కొద్దిగా తిప్పండి, పావు చుట్టు తిప్పి వెంటనే విప్పేయండి. ఒక అద్దాన్నే పట్టుకుని చూస్తూ ఉండిపోవడం అందరూ చేసే తప్పు. ఆ పక్క గోడకి తగలకుండా చూసుకుంటూ ఈ పక్క స్తంభానికి గీకిస్తారు.

దీని మోసం ఇది: చాలా కార్లలో పక్క అద్దం కొద్దిగా ఉబ్బెత్తు గాజు. ఎక్కువ చోటు చూపించడానికి వస్తువుల్ని చిన్నవి చేస్తుంది, అందుకని దగ్గరివి దూరంగా కనపడతాయి. లోపలి అద్దం చదును గాజు కాబట్టి దూరం నిజంగానే చూపిస్తుంది, అయితే వెనక అద్దం కింది అంచు దాకానే. డిక్కీ వెనక నడిమధ్య చోటు మాత్రం ఈ మూడు అద్దాల్లో దేనికీ అందదు.

కెమెరా, సెన్సర్లు

ఆ నడిమధ్య చోటు చూపించేది కెమెరా ఒక్కటే. అమెరికాలో 2018 మే 1 నుంచి తయారైన కొత్త కార్లన్నిటికీ ఈ ఏర్పాటు తప్పనిసరి చేసింది ఆ చోటు కోసమే. బండి వెనక 10 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు నేల తెర మీద కనపడాలి, గేరు వేసిన 2 సెకన్ల లోపు బొమ్మ రావాలి. ఆ రెండు సెకన్లు గుర్తుపెట్టుకోండి. బొమ్మ రాకముందే క్లచ్ వదిలేసేవాళ్లు చాలామంది.

తెర మీద దూరం చూపే కెమెరా గీతలు చదును నేలకి లెక్కగట్టి గీసినవి. వెనక నేల ఎత్తుగా లేస్తుంటే, అక్కడున్న వస్తువు అసలు కన్నా దూరంగా కనపడుతుంది. వెనకాల ఆగిన లారీ ఇంకా దారుణం. గీత దాని చక్రం దగ్గర నేలని చూపిస్తుంది, బయటికి పొడుచుకొచ్చిన లారీ బాడీ మాత్రం అప్పటికే మీ డిక్కీ దగ్గరికి వచ్చేసి ఉంటుంది. ఎర్ర గీత అంటే ఎంత దూరమో కారుకో తీరు. టేపుతో బంపర్ నుంచి 50 సెంటీమీటర్లు కొలిచి అక్కడ ఒక సీసా పెట్టి, అది తెర మీద ఏ గీత దగ్గర పడుతుందో ఒకసారి చూసి పెట్టుకోండి. వాన చుక్క, బురద లెన్స్ మీద పడితే తెరని నమ్మొద్దు, దిగి గుడ్డతో తుడవండి.

సెన్సర్లు మనకి వినపడని శబ్దాన్ని పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనితో దూరం లెక్కేస్తాయి. మామూలుగా ఒకటిన్నర మీటరు నుంచి కూయడం మొదలుపెట్టి, 30 సెంటీమీటర్ల దగ్గర ఆగకుండా మోగుతాయి. సన్నటి ఇనుప రాడ్డు, వేలాడే గొలుసు, బంపర్ కన్నా కిందున్న రాయి వీటికి తెలియకపోవచ్చు. కూత వచ్చిందా, ఆగండి. రాలేదా, అంతమాత్రాన దారి ఖాళీ అనుకోవద్దు.

కొత్తవాళ్లని కెమెరా ఇంకో రకంగా చెడగొడుతుంది. తెర మీద బొమ్మ అద్దంలో లాగే ఉంటుంది, బండి ఎడమ పక్క తెరకి ఎడమనే. మెడ తిప్పి చూస్తే బండి ఎడమ పక్క మీ కుడిచేతి వైపుకి వస్తుంది. బండి కదులుతుండగా కళ్లు దీని నుంచి దానికి మారితే బుర్ర ఒక్క క్షణం గజిబిజి అవుతుంది, ఆ క్షణంలో స్టీరింగ్ తప్పు పక్కకి పోతుంది. చూపు మార్చాలంటే బండి ఆపి మార్చండి. అలవాటయ్యేదాకా ఇందులో నామోషీ ఏమీ లేదు.

వెనక నిలబడి "రానీ, రానీ" అనే మనిషి సంగతీ ఒక మాట. మంచి సాయమే, ఒక్కరే చెప్పేటట్టయితే. ఇద్దరు చెబితే ఇద్దరి మాటా వినొద్దు. ఆ మనిషి మీ వైపు అద్దంలో కనపడేలా పక్కగా నిలబడాలి, బండికీ గోడకీ మధ్యన ఎప్పుడూ కాదు. అద్దంలోంచి మాయమైతే వెంటనే బ్రేకు.

మరి ఏది ముందు?

మామూలు కారు, మెడకి ఇబ్బంది లేని మనిషి అయితే మొదట మెడ తిప్పి చూడటమే నేర్చుకోవాలి, తర్వాత అద్దాలు, చివర కెమెరా. కెమెరాతో మొదలుపెట్టినవాళ్లు బండి ఒంటి పొడవు ఎంతో తెలియకుండానే పార్కింగ్ చేసేస్తుంటారు, కెమెరా లేని బండి ఇస్తే కదలలేరు. తెర చూసేవాళ్లు మరిచిపోయేది ఇంకొకటి, ముందు బంపర్ మూల. అది ఏ రివర్స్ కెమెరాలోనూ కనపడదు, మలుపులో బయటికి ఈడ్చేది అదే. వెనక అద్దమే లేని వ్యాను, సామాను నిండిన బండి, మెడ పట్టేసే మనిషి అయితే వరుస మారుతుంది: అద్దాలు ముందు, కెమెరా వాటికి తోడు.

ఈ వరుసంతా నేర్చుకోవడానికే. మనుషులు తిరిగే చోట కెమెరా ఉంటే కదిలేముందు దాన్ని చూసి తీరాలి.

సాధనకి ఖాళీ మైదానం, నీళ్లు నింపిన సీసాలు చాలు. 3 మీటర్ల ఎడంతో రెండు వరుసలు, 15 మీటర్ల పొడవు పెట్టండి. మామూలు కారు 1.7 మీటర్ల వెడల్పు ఉంటుంది కాబట్టి రెండు పక్కలా అర మీటరు పైనే మిగులుతుంది. మెడ తిప్పి పదిసార్లు, అద్దాలతో పదిసార్లు, తెర మీద గుడ్డ కప్పి రండి. ఆ తర్వాత ఎడం 2.5 మీటర్లకి తగ్గించండి. అది కుదిరాక 2.5 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు గడి గీసి, అడ్డంగా వచ్చి అందులోకి వెనక్కి తిప్పండి. సీసా పడిన చప్పుడు వినగానే బండిని అక్కడే ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, దిగి చూడండి. బంపర్ వెనక పడితే తిప్పడం ఆలస్యమైంది. పక్క తలుపు దగ్గర పడితే తొందరపడి తిప్పేశారు. ముందు చక్రం దగ్గర పడితే, వెనకే చూస్తూ ముక్కు సంగతి మరిచిపోయారు.