వైఫై భద్రతను చూడటానికి నెట్‌స్టంబ్లరా, కిస్మెట్టా?

విశాఖలో ఎంవీపీ కాలనీలాంటి చోట ల్యాప్‌టాప్ తెరిస్తే చాలు, ఇరుగుపొరుగు వైఫై పేర్లు బారులు తీరతాయి. వాటి భద్రత ఎలాంటిదో, చుట్టుపక్కల వైఫైలను వెతికే నెట్‌స్టంబ్లర్ అనే ప్రోగ్రామ్‌ను అడిగితే దాదాపు అన్నిటికీ ‘వెప్’ (తేలిగ్గా ఛేదించగల పాత వైఫై రక్షణ) అనే చెబుతుంది. అది నమ్మి, అంతకన్నా గట్టి రక్షణ అయిన డబ్ల్యూపీఏ2 పెట్టుకున్న పక్కింటివారిని అనవసరంగా కంగారు పెట్టవద్దు.

తప్పు ఎక్కడంటే, రౌటర్ సెకనుకు సుమారు పదిసార్లు పంపే బీకన్ అనే ప్రకటన సందేశంలో ‘ప్రైవసీ’ అనే ఒకే ఒక్క బిట్ ఉంటుంది. ఎన్‌క్రిప్షన్ ఉందో లేదో చెప్పడం వరకే దాని పని. ఏ రకమన్నది ఆర్‌ఎస్‌ఎన్ అనే వేరే భాగంలో ఉంటుంది. 2004 నాటి నెట్‌స్టంబ్లర్ ఆ బిట్ చూసి తీర్పు చెప్పేస్తుంది. పైగా పేరు దాచుకున్న నెట్‌వర్కులు దానికి కనబడవు.

కిస్మెట్ అనే మరో ప్రోగ్రామ్ మౌనంగా వింటూ ఆ ఆర్‌ఎస్‌ఎన్ భాగాన్నీ చదువుతుంది. సాంకేతిక లిపి (డేటాను గుప్తంగా మార్చే పద్ధతి) కొత్తదైన సీసీఎంపీయా, పాతదైన టీకేఐపీయా అని చూసి ఊరుకోదు. తాళం మార్పిడి (పరికరం, రౌటర్ రహస్య తాళాన్ని కుదుర్చుకునే పద్ధతి) డబ్ల్యూపీఏ2 ఇళ్లలోని పీఎస్‌కేనా, దాని తర్వాత వచ్చిన డబ్ల్యూపీఏ3లోని ఎస్‌ఏఈనా అన్నదీ చూస్తుంది. ఇది ముఖ్యం: డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 ఇళ్లలో రెండింటిదీ సాధారణంగా సీసీఎంపీయే. లిపి ఒక్కటే చూసే పరికరం కొత్తదాన్ని పాతదిగా రాసేస్తుంది.

కిస్మెట్‌కు మానిటర్ మోడ్ (చుట్టూ ఉన్న వైఫై సందేశాలన్నిటినీ వినే వీలు) ఉన్న వైఫై కార్డు కావాలి, అదొక్కటే తలనొప్పి. అయినా నా ఓటు దానికే.