రెండు కంటి గదులు, ఒక లాడ్జి

పైలట్ కావడానికి కావాల్సిన క్లాస్ 1 మెడికల్‌లో భాగంగా కంటి పరీక్ష కోసం వెళ్లాను. ఒక్క రోజు పని అనుకుంటే మూడు రోజులు పట్టింది. అందులో తప్పు నాదే ఎక్కువ.

అసలు పరీక్షకు ముందు రోజు, ధైర్యం కోసం, బయట ఒక క్లినిక్‌లో చూపించుకున్నాను. మెత్తటి సోఫాలు, చల్లటి ఏసీ, కూర్చునే లోపే పిలుపు. కానీ రంగు చుక్కల్లో అంకెలు దాచిన ఇషిహారా ప్లేట్ల పుస్తకం తెరిచింది పసుపు బల్బు కింద. మొదటి ప్లేట్‌లోని 12 ఎవరికైనా కనిపిస్తుంది. 74 దగ్గర తడబడ్డాను. ఎరుపు, ఆకుపచ్చ తేడా పట్టలేని కళ్లకు అదే ప్లేట్ 21లా కనిపిస్తుందని నాకు తెలుసు, దాంతో టెన్షన్ ఇంకా పెరిగింది. టెక్నీషియన్ ప్లేట్ మీద వేలితో గీసి మరీ అడిగాడు. వేళ్లు తగిలితే రంగులు మాసిపోతాయని ఆయనకు ఎవరూ చెప్పలేదేమో. ఆ రాత్రి నిద్ర లేదు.

మర్నాడు వెళ్లిన పరీక్షా కేంద్రంలో చెక్క బెంచీలు, రెండు గంటల నిరీక్షణ. లోపల మాత్రం పని తెలిసిన మనిషి. కిటికీ తెర లాగి, పగటి వెలుగులాంటి తెల్లటి దీపం వేసి, పుస్తకాన్ని చేయిచాపు దూరంలో నిలబెట్టి, ఒక్కో ప్లేట్‌కీ మూడు నాలుగు సెకన్లే ఇచ్చారు. 74 గబుక్కున చెప్పేశాను. రంగుల మీద ఇంత పట్టింపు ఊరికే కాదు. విమానం దిగేటప్పుడు రన్‌వే పక్కన, దిగే దారి సరిగ్గా ఉందో లేదో చూపే నాలుగు PAPI దీపాల్లో రెండు ఎరుపు, రెండు తెలుపు కనిపిస్తేనే ఎత్తు సరిగ్గా ఉన్నట్టు. రేడియో మూగబోతే టవర్ నుంచి వచ్చే ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు వెలుగులే దిక్కు.

కళ్లజోడు ఉంటే పైలట్ కాలేరని ఇప్పటికీ అంటుంటారు. అది నిజం కాదు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఇకావో ప్రమాణం ప్రకారం చూపు ఒక్కో కంటికి 6/9, రెండూ కలిపితే 6/6 ఉండాలి, జోడుతో వచ్చినా సరే. నాకు హాయిగా వచ్చింది. అప్పుడు అడిగారు, "మీ రెండో జోడు ఏది?"

విమానంలో స్పేర్ జోడు దగ్గరుండాలన్నది నియమం. బ్యాగు అడుగు నుంచి పాతది తీశాను. గీతలు పడి ఉంది, పవర్ కూడా పాతదే. దాంతో 6/12 దగ్గరే ఆగిపోయాను. కొత్తది చేయించి చూపించాకే ఫారం కదిలింది.

లాడ్జి పరుపు రాయిలా ఉంది, రాత్రంతా హారన్ల మోత. అయినా మళ్లీ అక్కడే దిగుతాను, ఎందుకంటే కేంద్రానికి రెండే వీధుల దూరం. చివర్లో కంట్లో చుక్కలు వేసి, కంటిపాప పెద్దదయ్యాక రెటీనా చూశారు. బయటికొస్తే ఎండ సూదుల్లా గుచ్చుకుంది. బండి నడిపే మాటే లేదు, గోడ పక్కనే నీడలో నడుచుకుంటూ లాడ్జికి చేరాను. కౌంటర్లో కుర్రాడు సంతకం కోసం రిజిస్టర్ ముందుకు జరిపితే గీత ఎక్కడుందో కనపడలేదు. నా వేలు పట్టుకుని అక్కడ పెట్టాడు.