అమ్మానాన్నల విజిటర్ వీసా ఏజెంటుకి అప్పజెప్పారా? కన్ఫర్మేషన్ పేజీతో సరిపెట్టుకోకండి, పూర్తి ఫారం అడగండి

"వీసా వస్తేనే డబ్బులు ఇవ్వండి" అనే ప్యాకేజీలకి పడిపోకండి. అమెరికా విజిటర్ వీసా (బీ1/బీ2) ఇవ్వాలా వద్దా అన్నది అద్దం అవతల కూర్చున్న ఆఫీసరు కొద్ది నిమిషాల్లో తేల్చేస్తారు. అందులో ఏ కన్సల్టెన్సీ చెయ్యీ ఉండదు. ఎలాగూ వచ్చేవాళ్ళకి వస్తుంది, వాళ్ళ దగ్గర వసూలు చేసుకుంటారు. రానివాళ్ళకి "మీ టైం బాలేదండీ" అంటారు. మనిషికి 185 డాలర్ల వీసా ఫీజు మాత్రం మీదే, అది తిరిగి రాదు.

డబ్బు పోతే పోయింది. అసలు ప్రమాదం డీఎస్‌-160 అనే ఆన్‌లైన్ వీసా ఫారంలో ఉంది. ఫారం సబ్మిట్ చేశాక ఏజెంటు మీ చేతికిచ్చేది ఫొటో, బార్‌కోడ్ ఉన్న ఒక్క పేజీ. అది కన్ఫర్మేషన్ మాత్రమే. ప్రశ్నలకి ఏం జవాబులు రాశారో అందులో కనిపించదు. సబ్మిట్ చేసిన వెంటనే అక్కడే "ప్రింట్ అప్లికేషన్" అని ఇంకో బటన్ ఉంటుంది. అది నొక్కితే ప్రతి ప్రశ్నా, దానికిచ్చిన జవాబూ వస్తాయి. ఆ కాపీ ఇవ్వడానికి నసిగేవాళ్ళు అందులో ఏదో రాశారనే అనుకోండి.

మామూలుగా జరిగే మార్పులు ఇవీ. నాలుగెకరాల రైతుని "ఆగ్రో బిజినెస్ యజమాని"గా రాసి, నెలకి రెండు లక్షల ఆదాయం చూపిస్తారు. తర్వాత ఇంటర్వ్యూలో తెలుగులో "ఏం చేస్తుంటారండీ?" అని అడిగితే పెద్దాయన నిజాయితీగా "వ్యవసాయం" అంటారు. ఆఫీసరు తెర మీద ఇంకేదో ఉంటుంది. ఇంకోటి, అమెరికాలో దగ్గరి బంధువులున్నారా అన్న ప్రశ్న. ఇద్దరు పిల్లలు అక్కడుంటే ఒకర్నే చూపిస్తారు, "ఇద్దరూ అక్కడే ఉంటే తిరిగి రారనుకుంటారు" అని. ఇంతకుముందు వీసా తిరస్కరించారా అన్నచోట "లేదు". మీ పేరు మీద ఎవరైనా ఇమ్మిగ్రెంట్ పిటిషన్ వేశారా అన్నచోటా "లేదు", సిటిజన్ అయిన కూతురు ఐ-130 (గ్రీన్‌కార్డు కోసం బంధువులు వేసే పిటిషన్) వేసి ఏడాదైనా సరే. ఈ చివరి రెండూ అమెరికా ప్రభుత్వ రికార్డుల్లోనే ఉంటాయి. దాచడం అమాయకత్వం. ఫారం నింపడంలో ఎవరైనా సాయం చేశారా అన్న ప్రశ్నకి కూడా ఏజెంటు తాపీగా "లేదు" కొడతాడు. ఎవరు నింపినా పాస్‌పోర్టు నంబరు కొట్టి ఎలక్ట్రానిక్ సంతకం చేయాల్సింది మాత్రం అప్లై చేసేవాళ్ళే. అంటే చట్టం దృష్టిలో ఆ రాతలన్నీ మీ నాన్నగారివే.

మామూలు తిరస్కరణ అమెరికా ఇమ్మిగ్రేషన్ చట్టంలోని 214(బీ) సెక్షన్ కింద వస్తుంది. తిరిగొస్తారన్న నమ్మకం కుదరలేదని దాని అర్థం. మళ్ళీ ఫీజు కట్టి ఎప్పుడైనా అప్లై చేసుకోవచ్చు. కావాలని అబద్ధం చెప్పారని తేలిస్తే మాత్రం అది 212(ఏ)(6)(సీ), జీవితకాల నిషేధం. విజిటర్ వీసాకి మినహాయింపు అడిగే దారి ఉన్నా అది సులువు కాదు. రేపు కొడుకు సిటిజన్ అయి గ్రీన్‌కార్డుకి పిటిషన్ వేసినా ఇదే అడ్డం పడుతుంది. అప్పుడు అడిగే మినహాయింపుకి అప్లై చేసేవాళ్ళ భర్తో భార్యో, తల్లో తండ్రో సిటిజన్ గానీ గ్రీన్‌కార్డుదారు గానీ అయ్యుండాలి. కొడుకూ కూతురూ ఆ లెక్కలోకి రారు. ఇది చాలామందికి చివరి నిమిషంలో తెలుస్తుంది.

బ్యాంకు బ్యాలెన్స్ సంగతి. పది రోజులకి ఇరవై లక్షలు ఖాతాలో వేసి, స్టేట్‌మెంట్ తీసి, వడ్డీతో వెనక్కి లాక్కునే వ్యాపారం ఒకటుంది. అమెరికా ఇంటర్వ్యూలో చాలాసార్లు ఆ కాగితం అడగనే అడగరు, కాబట్టి ఆ వడ్డీ దండగ. కాగితాలే చూసే కెనడా, యూకేలకి ఇదే పంపితే ఇంకా ప్రమాదం. ఆరు నెలలు ముప్పై వేలు దాటని ఖాతాలో ఒక్కసారిగా పడ్డ మొత్తం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మోసమని తేలితే కెనడాలో అయిదేళ్ళు, యూకేలో పదేళ్ళు దారి మూసుకుపోతుంది.

స్లాట్ల దగ్గరా జాగ్రత్త. అపాయింట్‌మెంట్ ఖాతాని ఏజెంటు తన ఈమెయిల్‌తో తెరిస్తే పాస్‌వర్డు, సెక్యూరిటీ ప్రశ్నల జవాబులు అన్నీ వాడి దగ్గరే. మిగతా డబ్బు కట్టేదాకా అపాయింట్‌మెంట్ లెటర్ రాదు. 2025 జనవరి 1 నుంచి మన దేశంలో ఫీజు మళ్ళీ కట్టకుండా స్లాట్ మార్చుకునే అవకాశం ఒక్కసారే. ఏజెంట్లు ముందు దొరికిన ఊళ్ళో ఏదో తేదీ పట్టేసి, తర్వాత దాన్ని మార్చడానికి ఆ ఒక్క అవకాశాన్నీ వాడేస్తారు. 2025 మార్చిలో ఢిల్లీలోని అమెరికా ఎంబసీ బాట్లతో (వాటంతటవే స్లాట్లు పట్టే సాఫ్ట్‌వేర్లతో) పట్టిన సుమారు రెండు వేల అపాయింట్‌మెంట్లు రద్దు చేసి, ఆ ఖాతాలకి బుకింగ్ సదుపాయం ఆపేసింది. "మా దగ్గర సాఫ్ట్‌వేర్ ఉంది" అనేవాడి చేతిలో పాస్‌పోర్టు పెట్టే ముందు ఇది గుర్తుంచుకోండి.

మరి అప్లికేషన్ బలపడేది దేనితో? ఫారంలో ఉన్నదీ నోట్లోంచి వచ్చేదీ ఒకటే కావడంతో. కొడుకు ఏ ఊళ్ళో ఉంటాడు, ఏ కంపెనీ, హెచ్‌-1బీనా గ్రీన్‌కార్డా, ఖర్చు ఎవరిది, ఎన్నాళ్ళుంటారు, ఇక్కడ ఇల్లూ పొలం ఎవరు చూసుకుంటారు: ఇవి అమ్మానాన్నలిద్దరూ సొంత మాటల్లో, తెలుగులోనే చెప్పగలగాలి. హైదరాబాద్‌లో తెలుగులో ఇంటర్వ్యూ మామూలే. బట్టీ పట్టించిన ఇంగ్లిషు వాక్యం రెండో ప్రశ్నకే తెగిపోతుంది. అమ్మాయికి ఎనిమిదో నెల అయితే "నయాగరా చూడ్డానికి" అనక్కర్లేదు, పురుడు కోసం తోడు ఉండడానికి వెళ్తున్నామనే చెప్పొచ్చు, అది తప్పు కారణం కాదు. పట్టాదారు పాసుపుస్తకం, పెన్షన్ కాగితాలు, పాత పాస్‌పోర్టులు వెంట ఉంచుకోండి, అడిగితేనే ఇవ్వండి. ఇన్విటేషన్ లెటర్, ఖర్చు భరిస్తామని పిల్లలు రాసిచ్చే ఐ-134 అఫిడవిట్ విజిటర్ వీసాకి అవసరం లేదు. వాటి కోసం డబ్బు అడిగితే ఇవ్వకండి.

మనవాళ్ళకి ప్రత్యేకంగా తగిలే తంటా ఇంటిపేరు. పాస్‌పోర్టులో సర్‌నేమ్ ఖాళీగా ఉండి మొత్తం పేరు గివెన్ నేమ్‌లోనే ఉంటే, ఫారంలో ఆ పేరంతా సర్‌నేమ్ గడిలో రాసి, గివెన్ నేమ్‌లో ఎఫ్‌ఎన్‌యూ (FNU, అంటే 'ఫస్ట్ నేమ్ అన్‌నోన్') అని పెట్టాలి. సొంతంగా పేరుని రెండు ముక్కలు చేయకూడదు.

ఇప్పటికే తప్పు ఫారం సబ్మిట్ అయ్యి, ఇంటర్వ్యూ ఇంకా కాలేదా? దాన్ని దిద్దడం కుదరదు గానీ కొత్తది నింపొచ్చు. అప్లికేషన్ ఐడీ, సర్‌నేమ్‌లో మొదటి అయిదు అక్షరాలు, పుట్టిన సంవత్సరం, సెక్యూరిటీ జవాబు ఉంటే పాత ఫారం తెరుచుకుంటుంది. దాని నుంచి కొత్త అప్లికేషన్ మొదలుపెట్టి తప్పులు సరిచేయండి. ఏజెంటు ఆ సెక్యూరిటీ జవాబు చెప్పకపోతే మొదటి నుంచి నింపండి. కొత్త బార్‌కోడ్ నంబరుని ఇంటర్వ్యూకి ముందే అపాయింట్‌మెంట్ ఖాతాలో మార్చాలి, రెండూ కలవకపోతే లోపలికి పంపకపోవచ్చు. ఆ పనిలో పనిగా ఖాతా ఈమెయిల్, పాస్‌వర్డు మీవి పెట్టుకోండి.