షిల్లాంగ్‌లో రెల్లుగోడల ఇల్లు

షిల్లాంగ్ వెళ్లొచ్చినవాళ్లు జలపాతాల లెక్క చెబుతారు. నేను వెళ్లింది భూకంపం కోసం. 1897 జూన్ 12 సాయంత్రం అయిదుంబావు ప్రాంతంలో ఆ ఊళ్లోని రాతి కట్టడాలన్నీ నేలమట్టమయ్యాయి. తేదీ కలుస్తుందని జూన్‌లోనే బయలుదేరాను. వానల్లో వద్దని ఇంట్లో అందరూ అన్నారు. వాళ్ల మాటే నిజమైంది, నాలుగు రోజుల్లో రెండు గొడుగు కిందే గడిచాయి.

గువాహటి నుంచి సుమారు వంద కిలోమీటర్లు. షేర్ సుమో చవకే గానీ సీట్లన్నీ నిండేదాకా కదలదు. వెనక సీటులో మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. పెద్దవాళ్లుంటే టాక్సీ మాట్లాడుకోండి.

మొదటి రాత్రి పోలీస్ బజార్‌లో నాలుగంతస్తుల లాడ్జి. కిటికీ తెరిస్తే పక్క భవనం గోడ, వేడినీళ్లడిగితే అరగంటకు ఒక బకెట్. మర్నాడే లైతుమ్‌ఖ్రాలో ఒక హోమ్‌స్టేకి మారాం. అద్దె దాదాపు రెట్టింపు. అయినా బాధ అనిపించలేదు, ఎందుకంటే నేను వెతుకుతున్న మ్యూజియం ఆ ఇల్లే. చెక్క చట్రం, రేకుల కప్పు. వంటింటి వెనక పెచ్చు ఊడిన చోట గోడ లోపలి ఇక్రా రెల్లు వరసగా కనిపించింది. వేలితో తడితే బోలుగా మోగింది. భూకంపం తర్వాత ఊరు రాయిని వదిలి ఇలాంటి తేలిక ఇళ్లకు మళ్లింది. “నేలతో పాటు ఇదీ ఊగుతుందండీ, మీద పడదు” అన్నారు ఇంటావిడ. లోపమూ చెప్పాలి: పక్కగదిలో దగ్గు మన గదిలోనే ఉన్నట్టుంటుంది, రాత్రి వాన పడితే రేకుల మోతకు నిద్ర ఉండదు.

ఆ భూకంపాన్ని పరిశీలించినవాడు జియలాజికల్ సర్వేకి చెందిన రిచర్డ్ డిక్సన్ ఓల్డ్‌హామ్. నేలలో కూరుకున్న బండరాళ్లు గుంటల అంచులు చెదరకుండా బయటికి ఎగిరిపడ్డాయని గమనించి, నేల గురుత్వ త్వరణాన్ని మించిన త్వరణంతో పైకి తన్నిందని తేల్చాడు. 1899లో ఆయన నివేదిక వెలువడింది. దూరదేశాల భూకంపమాపక యంత్రాలు గీసిన రేఖల్లో మూడు రకాల భూకంప తరంగాలను విడదీశాడు. ఆ దారిలోనే 1906లో భూమి నడిమధ్యన వేరుగా ఒక గర్భం (కోర్) ఉందని చూపాడు. ఇంత చేసిన మనిషి పేరు నేను తిరిగిన చోట్ల ఒక్క ఫలకం మీదా కనిపించలేదు.

ఆ భూకంపానికే గారో కొండల్లోని చేద్రాంగ్ లోయలో నేల సుమారు 35 అడుగులు నిలువునా తెగి లేచింది. అదే చూడాలనుకున్నాను. వానలో ఆ దారికి ఏ డ్రైవరూ ఒప్పుకోలేదు. బదులుగా టూరిస్టు బస్సులో చిరపుంజి వెళ్లాం. ప్రతి చోటా ఇరవై నిమిషాలు, చూసిందంతా మబ్బు. టికెట్టు డబ్బు దండగ. మబ్బు చీలిన ఒక్క క్షణం మాత్రం ఎదురుగా నిట్టనిలువు కొండవాలు కనిపించింది. ఆనాడు చనిపోయిన 1,542 మందిలో దాదాపు 600 మంది చిరపుంజి ప్రాంతంలోనే, కొండచరియలు విరిగిపడి పోయారు.

ఆదివారం వెళ్తే ఒక మాట: కొట్లు దాదాపు అన్నీ మూసి ఉంటాయి. ఆ పూట ఇంటావిడే జాదో అన్నం, ఎండుచేపల తుంగ్‌తప్ పచ్చడి పెట్టారు. వానలు వద్దన్నవాళ్లలో మొదటిది మా ఆవిడ. ఆ పచ్చడి రెండోసారి వడ్డించుకున్నది కూడా తనే.